ప్రాంతీయ ఒప్పందం వార్త చదివితే ఏమేం వెతకాలి

అభివృద్ధి చెందుతున్న దేశాలు కలిసి ఏదో ఒప్పందం మీద సంతకాలు పెట్టాయని వార్త వస్తే అందులో రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి, మొత్తం జనాభా ఒకటి, మొత్తం జీడీపీ ఒకటి. ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం గురించి 130 కోట్ల మంది, 3.4 లక్షల కోట్ల డాలర్లు అని ఎన్ని చోట్ల రాశారో లెక్కలేదు. ఆ అంకెలు తప్పని కాదు. కానీ సంతకాలకు ముందు రోజు కూడా అక్కడ ఉన్నది అంతే జనం, అంతే జీడీపీ కదా. ఒప్పందం వల్ల ఏం మారుతుందో వాటిలో ఉండదు. అది తెలియాలంటే చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైనా, ఎగుమతుల్లో దిగుదామనుకునేవాళ్లకైనా, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లకైనా ఇది పనికొస్తుంది, పెద్ద ఆర్థికశాస్త్రం కూడా అక్కర్లేదు.

ముందు తేదీలు రాసుకోండి

సంతకం పెట్టిన తేదీ, తగినన్ని దేశాలు ఆమోదించాక అమల్లోకి వచ్చిన తేదీ, వాణిజ్యం మొదలైందని ప్రకటించిన తేదీ, చెప్పుకోదగ్గట్టుగా సరుకు కదిలిన తేదీ. ఈ నాలుగూ ఒకటి కాదు. వార్తలు మాత్రం ప్రతిసారీ అదే మొదటిసారి అన్నట్టు రాస్తాయి. ఆ ఆఫ్రికా ఒప్పందాన్నే తీసుకోండి: రువాండా రాజధాని కిగాలీలో సంతకాలు 2018 మార్చి 21న, అమల్లోకి వచ్చింది 2019 మే 30న, వాణిజ్యం మొదలు అన్నది 2021 జనవరి 1న. తీరా చూస్తే 2022 అక్టోబరులో ఎనిమిది దేశాలతో ప్రయోగంగా ఒక కార్యక్రమం పెట్టాకే, కెన్యా టీ, బ్యాటరీల లాంటివి ఘనాకు వెళ్లడం లాంటివి ఒక పద్ధతిలో మొదలయ్యాయి. సంతకాలకూ దీనికీ మధ్య నాలుగున్నరేళ్లు. నా దృష్టిలో ఇది వైఫల్యం కాదు, యాభై పైచిలుకు దేశాలు సుంకాల పట్టికలు తయారు చేసుకోవాలంటే ఆ మాత్రం పడుతుంది. కాకపోతే 2018 నాటి వార్త చదివి 2019లో ఫలితాలేవని అడగడంలో అర్థం లేదు, అంతే.

ఏం వదిలేశారో చూడండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ ఇదే. సుంకాలు తగ్గించే ప్రతి ఒప్పందంలోనూ తగ్గించనివాటి జాబితా ఒకటి ఉంటుంది, సెన్సిటివ్ లిస్ట్ అనో, మినహాయింపుల జాబితా అనో. 90 శాతం వస్తువులపై సుంకం ఎత్తేశాం అని చెప్పినప్పుడు మిగిలిన 10 శాతంలో ఏమున్నాయి అన్నదే అసలు ప్రశ్న.

ఎందుకంటే ఆ శాతం లెక్క వేసేది వస్తువుల రకాల మీద, వ్యాపారం విలువ మీద కాదు. కస్టమ్స్ వాళ్లు ప్రపంచమంతా వాడే హెచ్ఎస్ కోడ్ ఆరంకెల స్థాయిలో ఐదు వేలకు పైగా రకాలు ఉంటాయి. అందులో 3 శాతమే వదిలేశారనుకున్నా సుమారు 150. వినడానికి చిన్న సంఖ్యే, కానీ చాలా వర్ధమాన దేశాలు పొరుగువాళ్ల దగ్గర కొనేవి కొద్ది రకాలే, చక్కెర, సిమెంటు, బట్టలు, వంటనూనె, ఇలాంటివి. తెలివిగా ఎంచుకుంటే ఆ 150లోనే ఉన్న వ్యాపారంలో పెద్ద భాగం దాచేయొచ్చు. ఆఫ్రికా ఒప్పందం రాసినవాళ్లకి ఈ కిటుకు తెలుసు. 90 శాతం పూర్తిగా ఎత్తేయాలి, 7 శాతానికి ఎక్కువ గడువు, 3 శాతం మినహాయింపు అని పెట్టి, ఆ మినహాయించిన 3 శాతం విలువ సభ్యదేశాల నుంచి చేసుకునే దిగుమతుల్లో 10 శాతం దాటకూడదని ఇంకో షరతు కలిపారు. ఇలాంటి షరతు కనిపిస్తే ఒప్పందం రాసినవాళ్లు పనిమీద ఉన్నారని అర్థం.

దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా 2004లో సంతకమై 2006లో అమల్లోకి వచ్చింది. అందులో సెన్సిటివ్ జాబితాలు ఎవరివి వాళ్లవి, కొన్ని దేశాలవి వందల్లో ఉండేవి. 2011లో భారతదేశం అతి తక్కువ అభివృద్ధి చెందిన సభ్యదేశాల కోసం తన జాబితాను 25 వస్తువులకు కుదించింది, మిగిలినవి మద్యం, పొగాకు లాంటివే. బంగ్లాదేశ్ బట్టలకు ఆ మార్పు పెద్ద మేలు. శిఖరాగ్ర సదస్సుల ప్రసంగాలన్నీ ఒకెత్తు, ఆ జాబితా కుదింపు ఒక్కటీ ఒకెత్తు అంటాను నేను.

సరుకు ఎవరిదని ఎలా తేలుస్తారు

దీన్ని రూల్స్ ఆఫ్ ఆరిజిన్ అంటారు, చదవడానికి చాలా బోర్, కానీ వ్యాపారం చేసేవాడి తలనొప్పి అంతా ఇక్కడే. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో మామూలుగా వాడే నిబంధన ప్రకారం వస్తువు విలువలో కనీసం 40 శాతం సభ్యదేశాల్లో చేరి ఉండాలి, లేదా ముడిసరుకు కోడ్ నుంచి వేరే కోడ్‌లోకి మారేంతగా తయారీ జరగాలి. 100 డాలర్ల ఫ్యాన్‌లో 70 డాలర్ల మోటారు, భాగాలు బయటి దేశం నుంచి వచ్చినవైతే మొదటి లెక్కలో అది పాస్ కాదు. పాస్ అయినా దానికో సర్టిఫికెట్ తీసుకోవాలి. మామూలు సుంకమే 3 శాతం ఉన్నప్పుడు దాన్ని తప్పించుకోవడానికి కాగితాల చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకే రాయితీ ఎంత అన్నదాని పక్కనే దాన్ని వాడుకోవడానికి అయ్యే ఖర్చు కూడా రాసుకోండి. మామూలు సుంకానికీ రాయితీ సుంకానికీ తేడా ఒకటి రెండు శాతమే ఉంటే ఆ వస్తువు విషయంలో ఒప్పందం ఉన్నా లేనట్టే.

ఒక దేశం ఎన్ని కూటముల్లో ఉందో కూడా ఇక్కడే చూడాలి. కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ తూర్పు, దక్షిణ ఆఫ్రికా ఉమ్మడి మార్కెట్ కోమెసాలో ఉంది, ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల కూటమి సాడ్క్‌లో ఉంది, 2022లో తూర్పు ఆఫ్రికా కూటమిలోనూ చేరింది. ఒక్కో కూటమికి ఒక్కో రూల్ అయితే అక్కడి కస్టమ్స్ ఆఫీసర్ పరిస్థితి ఊహించుకోండి.

లారీ ఎక్కడ ఆగుతోంది

సుంకం సున్నా అయినా లారీ సరిహద్దులో మూడు రోజులు ఆగితే లాభమంతా అక్కడే పోతుంది. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండులో 2009 డిసెంబరులో ఇద్దరి తనిఖీలూ ఒకేచోట జరిగేలా ఉమ్మడి చెక్‌పోస్టు తెరిచారు. అంతకు ముందు నదికి ఈవల ఒకసారి, ఆవల ఇంకోసారి అవే కాగితాలు, అదే క్యూ. ఒప్పందంలో ఇలాంటి పేరున్న చోటు, గడువు, బాధ్యులు ఉన్నారా అని చూడండి. "రవాణా అనుసంధానాన్ని పెంపొందించుకుంటాం" అన్న వాక్యం ఒక్కటే ఉంటే దానికి మార్కులు వేయొద్దు.

రోడ్డు ఒప్పందాల్లో చిన్న దేశం మాట కూడా వినాలి. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ 2015 జూన్‌లో థింఫూలో వాహనాల రాకపోకల ఒప్పందం చేసుకున్నాయి, మరుసటి ఏడాది భూటాన్ ఎగువసభ దాన్ని తిరస్కరించింది. చిన్న రోడ్లున్న కొండ దేశం బయటి లారీలన్నీ వచ్చి పడతాయని, పర్యావరణం దెబ్బతింటుందని భయపడటంలో తప్పేముంది? ఆ తర్వాత మిగతా ముగ్గురినీ ముందుకెళ్లమని భూటానే చెప్పింది. అందరూ ఒకేసారి కదలాలన్న నియమం లేకపోవడం కూడా ఒక్కోసారి మంచి లక్షణమే.

నష్టపోయేవాడికి ఏమిస్తున్నారు

కూటమిలో ఒకడు పెద్దవాడు ఉంటాడు. ఫ్యాక్టరీలు, బ్యాంకులు, ఓడరేవు ముందునుంచీ అక్కడే ఉంటాయి కాబట్టి సరిహద్దులు తెరవగానే లాభం ముందు అటే పోతుంది. మిగతావాళ్లకి రెండు నష్టాలు, దిగుమతి సుంకాల ఆదాయం పోతుంది, కొత్త ఫ్యాక్టరీ కూడా రాదు. దీనికి ఒప్పందంలో ఏదైనా జవాబు ఉందా లేదా అన్నది నేనైతే రెండోసారి కూడా చదివి చూస్తాను.

జవాబు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే కెన్యా, టాంజానియా, ఉగాండాలు 1967లో పెట్టుకున్న తూర్పు ఆఫ్రికా కూటమి చరిత్ర చదవండి. ఉమ్మడి రైల్వే, ఉమ్మడి విమానాలు, ఉమ్మడి ఓడరేవులు, తపాలా, ఇప్పటి కూటములకు కూడా లేనన్ని ఉమ్మడి ఆస్తులు వాళ్లకుండేవి. కెన్యాకే ఎక్కువ దక్కుతోందన్న అసంతృప్తి మొదటినుంచీ ఉంది. దాన్ని సర్దడానికి వెనకబడిన ఇద్దరికీ కెన్యా సరుకుపై కొంత పన్ను వేసుకునే వీలు ఇచ్చారు, ఒక అభివృద్ధి బ్యాంకు పెట్టారు, అయినా సరిపోలేదు. పైగా పెద్ద నిర్ణయాలన్నీ ముగ్గురు అధ్యక్షులూ కూర్చుని తీసుకోవాలి. 1971లో ఉగాండాలో ఇదీ అమీన్ కుట్ర చేసి గద్దెనెక్కాడు, టాంజానియా అధ్యక్షుడు నైరెరే అతనితో కూర్చోనన్నాడు. ఇక నిర్ణయాలెక్కడివి? 1977లో కూటమి కూలిపోయింది, టాంజానియా కెన్యాతో సరిహద్దు మూసేసింది, ఆస్తుల పంపకం తేలడానికి 1984 దాకా పట్టింది. మళ్లీ అదే పేరుతో కొత్త ఒప్పందం రాసుకున్నది 1999లో. ఆ బ్యాంకు మాత్రం మధ్యలో మూతపడకుండా బతికింది, అది వేరే కథ.

దీనికి పూర్తిగా భిన్నంగా దక్షిణ అమెరికాలో మెర్కోసుర్ అనే వాణిజ్య కూటమి దేశాలు ఒక నిధి పెట్టుకున్నాయి, ఫోసెమ్ అంటారు. మొదట్లో అందులో వేయాల్సిన డబ్బులో బ్రెజిల్ వాటా 70 శాతం, అర్జెంటీనా 27, ఉరుగ్వే 2, పరాగ్వే 1. తీసుకునేటప్పుడు తలకిందులు, పరాగ్వేకి 48 శాతం, ఉరుగ్వేకి 32, పెద్దవాళ్లిద్దరికీ చెరో 10. నిధి పరిమాణం ఏడాదికి 10 కోట్ల డాలర్లే, బ్రెజిల్ ఆర్థికవ్యవస్థ ముందు ఏమూలకూ చాలదు, మెర్కోసుర్ గొడవలు దీనితో తీరిపోలేదు కూడా. కానీ ఎవరు ఇవ్వాలి, ఎవరికి చేరాలి అన్నది అంకెల్లో రాసుకున్నారు. "అసమానతలను దృష్టిలో ఉంచుకుంటాం" అని రాసి వదిలేసిన పత్రాలు ఎన్నో ఉన్నాయి, వాటి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

సుంకాలతో సంబంధం లేని సహకారం

ఇది చాలామంది వదిలేస్తారు, నాకేమో వర్ధమాన దేశాలకు అసలు లాభం తరచు ఇక్కడే ఉందనిపిస్తుంది. ఒకేరకం సరుకు అమ్మే దేశాలు ఒకదానికొకటి ఏం అమ్ముకుంటాయి? కానీ బయటివాడికి అమ్మేటప్పుడు కలిసి బేరమాడొచ్చు. పసిఫిక్‌లో నౌరు, కిరిబాటి, టువాలు, పాపువా న్యూగినీ లాంటి ఎనిమిది దేశాలు 1982 నాటి నౌరు ఒప్పందం కింద ఒక జట్టు. వాటి సముద్రంలో ట్యూనా చేప దండిగా ఉంది, పట్టుకునే పెద్ద ఓడలు మాత్రం దూరదేశాలవి. విడివిడిగా లైసెన్సులు అమ్మినప్పుడు ఓడలవాళ్లు ఒకరిమీద ఇంకొకరిని చూపించి ధర తగ్గించేవాళ్లు. 2007 నుంచి పద్ధతి మార్చి, ఏడాదికి ఇన్ని వేట రోజులే అని మొత్తం పరిమితి పెట్టి, వాటిని దేశాలకు పంచారు, తర్వాత రోజుకు కనీస ధర కట్టారు. 2015కి అది 8,000 డాలర్లు. 2010లో 6 కోట్ల డాలర్ల దగ్గరున్న ఆదాయం కొన్నేళ్లలోనే 50 కోట్ల డాలర్ల దరిదాపుల్లోకి వెళ్లింది. వీటిలో కొన్ని దేశాల జనాభా ఇరవై వేలు కూడా ఉండదు.

కరెంటు, నదులు, మందుల కొనుగోలు కూడా ఇలాంటివే. తూర్పు కరీబియన్ దీవులు 1980ల నుంచి మందులు కలిపి కొంటున్నాయి. నేపాల్ జలవిద్యుత్తు 2024 నవంబరులో మొదటిసారి భారత గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్ చేరింది, 40 మెగావాట్లే అయినా మూడో దేశం తీగలమీదుగా వెళ్లడం అన్నది చిన్న విషయం కాదు.

డబ్బు అందే దారి

ఉమ్మడి నిధి అని పెద్ద అంకె కనిపిస్తే, ఎవరైనా ఎప్పుడైనా అందులోంచి తీసుకున్నారా అని అడగండి. ఆసియాన్ దేశాలు చైనా, జపాన్, దక్షిణ కొరియాలతో కలిసి పెట్టుకున్న చియాంగ్ మై ఏర్పాటు 2014 నుంచి 24,000 కోట్ల డాలర్లది. కోవిడ్ సమయంలో కూడా దాన్ని ఎవరూ ముట్టలేదు. కారణం షరతుల్లో ఉంది, తన వాటాలో కొంత శాతం దాటి తీసుకోవాలంటే ఆ దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అప్పు కార్యక్రమంలో ఉండాలి. ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లడం ఇష్టంలేకే కదా ఇది పెట్టుకుంది! ఆ ఏర్పాటు ఇంత పెద్దది కాకముందు, 2008 సంక్షోభంలో కొరియా, సింగపూర్ వెళ్లింది అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ దగ్గరికి.

చివరికి అంకెలు సరిచూసుకోవడం

కూటమి దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం మొత్తంలో ఎంత శాతం అని అందరూ చూస్తారు. దక్షిణాసియాలో 5 శాతం దగ్గర, ఆసియాన్‌లో 20 పైచిలుకు. పోలిక నిజమే, కానీ ఆసియాన్ ఘనత అంతా ఒప్పందానిదే అనుకోకండి. ఆసియాన్ 1967లో పుట్టింది, స్వేచ్ఛా వాణిజ్యం అన్నది 1992లో. ఈలోపు 1985 తర్వాత యెన్ విలువ పెరిగి జపాన్ కంపెనీలు తమ ఫ్యాక్టరీలను ఆ దేశాలకు పంచి పెట్టాయి, విడిభాగాలు అటూ ఇటూ తిరగడం అలా ఊపందుకుంది.

ఇంకో చిట్కా, ఒకే వ్యాపారాన్ని రెండువైపుల నుంచీ చూడండి. ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్ లెక్కల్లో ఒక దేశం పొరుగుకు ఎంత ఎగుమతి చేశానందో, పొరుగు ఎంత దిగుమతి చేసుకున్నానందో పక్కపక్కన పెట్టండి. దిగుమతి లెక్కలో రవాణా, బీమా కలుస్తాయి కాబట్టి అది కొద్దిగా ఎక్కువ ఉండటం మామూలే. సగానికి సగం తేడా ఉంటే మాత్రం సరుకు మూడో దేశం మీదుగా తిరిగి వెళ్తోందో, విలువ తగ్గించి చూపిస్తున్నారో, రాసుకునేవాళ్లే సరిగ్గా రాయడం లేదో. కాలినడకన, సైకిళ్ల మీద సరిహద్దు దాటే చిన్న వ్యాపారం ఈ లెక్కల్లోకి దాదాపుగా రాదు. ఆఫ్రికాలో కొన్ని సరిహద్దుల దగ్గర ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కోమెసా లాంటి చోట్ల వాళ్లకోసం తక్కువ విలువ సరుకుకు సులభమైన ఫారం ఒకటి పెట్టారు, మీరు చదువుతున్న ఒప్పందంలో అలాంటిది ఉందేమో దాని అనుబంధ పత్రాల్లో వెతకండి.