పిల్లి కూనకు మైక్రోచిప్ వేయించే ముందు జాగ్రత్తలు

మైక్రోచిప్ అంటే చర్మం కింద సూదితో పెట్టే గుర్తింపు చిప్; స్కానర్‌తో చూస్తే దాని నంబరు కనిపిస్తుంది. కూనకు 8 వారాలు నిండి, హుషారుగా తింటూ ఉంటేనే వేయించండి. విరేచనాలో నీరసమో ఉంటే వాయిదా వేయండి. చిప్ సూది టీకా సూది కన్నా లావు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ దగ్గరలోనే ఉంటే ఆ మత్తులోనే వేయించడం మేలు.

చిప్‌కు 15 అంకెల నంబరు, ఐఎస్ఓ 11784/11785 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నాయా అని అడగండి. వేరే రకాన్ని కొన్ని స్కానర్లు చదవలేవు.

స్కానింగ్ మూడుసార్లు జరగాలి. ముందు కూనకు: దత్తత తెచ్చుకున్నదైతే అప్పటికే చిప్ ఉండొచ్చు. మెడ, భుజాలు, ముందుకాళ్ల దాకా చూడమనండి, పాత చిప్ జరిగి ఉండొచ్చు. తర్వాత ప్యాకెట్‌లోని చిప్‌కు: నంబరు స్టిక్కర్‌తో కలవాలి. చివరగా, వేశాక. బియ్యపుగింజంత చిప్ అది, పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. కూన గింజుకుంటే బొచ్చులోనే పడిపోయి, లోపలికి వెళ్లిందనిపిస్తుంది.

సూది తీశాక అక్కడ కాసేపు నొక్కి పట్టాలి, లేదంటే రంధ్రంలోంచి జారి రావచ్చు. ఆ రోజంతా రుద్దకండి.

అన్నిటికన్నా ముఖ్యం నమోదు. చిప్ నంబర్లను నమోదు చేసే డేటాబేస్‌లో మీ ఫోన్ నంబరు లేకపోతే, కూన దొరికినవాళ్లకు ఉత్త అంకెలే కనిపిస్తాయి. ఫోన్ నంబరు మారిన రోజే అక్కడా మార్చండి.

చిప్ జీపీఎస్ కాదు. లాగితే ఊడిపోయే మెడపట్టీ, ఫోన్ నంబరున్న బిళ్ల కూడా ఉండాలి. పట్టీ కింద వేలు దూరాలి. కూన ఎదిగే వయసు కాబట్టి వారానికోసారి సరిచూడండి.