రెప్ప ఒక్కటే కదిలితే చాలు

కార్టూన్ ముఖం గీయడం ఒక ఎత్తు, దాని చేత కళ్లు ఆర్పించడం ఇంకో ఎత్తు. తెరిచిన కన్ను, సగం మూసినది, పూర్తిగా మూసినది అని విడివిడిగా గీస్తే, ఫ్రేమ్ (యానిమేషన్‌లో ఒక్కో బొమ్మ) మారినప్పుడల్లా కన్ను కాస్త పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ఇలా చేస్తే ఆ టెన్షన్ ఉండదు. కంటి తెల్లగుడ్డుకి ఒక కోడిగుడ్డు ఆకారం, దాని మీద కనుపాప, అన్నిటికీ పైన కన్ను కంటే కొంచెం పెద్దగా, ముఖం రంగులోనే రెప్ప గీయండి. రెప్ప కింది అంచున ముదురు గీత వేస్తే చాలా బాగుంటుంది, మూసిన కన్ను కూడా దానితోనే తెలుస్తుంది. ఇప్పుడు తెల్లగుడ్డుని కాపీ చేసుకుని, మూడు ఆకారాలనీ గ్రూప్ చేయండి. కంట్రోల్ ఆల్ట్ వి నొక్కితే ఆ కాపీ సరిగ్గా అదే చోట, అన్నిటికీ పైన పడుతుంది. కాపీని, గ్రూప్‌ని కలిపి ఎంచుకుని ఆబ్జెక్ట్ మెనూలో సెట్ క్లిప్ కొట్టండి. ఇక రెప్ప కంటి లోపల మాత్రమే కనిపిస్తుంది. గ్రూప్ మీద డబుల్ క్లిక్ చేసి, రెప్పని మాత్రమే పైకీ కిందికీ జరపండి.

సెకనుకి 24 ఫ్రేముల్లో అయితే దిగడానికి 2, మూసి ఉంచడానికి 1, తెరుచుకోడానికి 3 సరిపోతాయి. మూసేటప్పటి కంటే తెరిచేటప్పుడు నెమ్మదిగా ఉంటేనే సహజంగా అనిపిస్తుంది.

కంటి చుట్టూ ఉండే గీతని గ్రూప్‌లో పెట్టొద్దు, సగం మందం తెగిపోతుంది. దాన్ని పైన విడిగా ఉంచండి. ముఖానికి గ్రేడియెంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా మారే పూత) వేసి ఉంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు, రెప్ప దిగేటప్పుడు అతుకు వేసినట్టు రంగు తేడా కొడుతుంది.