స్టెంట్ మార్పిడి చార్టు సమర్పించే ముందు చూడవలసినవి

సంక్రాంతి సెలవులకు ముందే పెండింగ్ చార్టులు ముగించాలని, కాకినాడ, భీమవరంలలో రాత్రి షిఫ్టుల్లో అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ కోసం చికిత్సలకు కోడ్ నంబర్లు వేసే కోడర్లు తొందరపడే రోజులివి. యురేటరల్ స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళంలో ఉంచే సన్నని గొట్టం) మార్పిడి చార్టుల్లో ఆ తొందర పనికిరాదు.

స్టెంట్‌ను ఏ దారిన మార్చారో ఆపరేషన్ నోట్ మొత్తం చదివి తేల్చుకోండి. శీర్షికలో ‘స్టెంట్ ఎక్స్ఛేంజ్’ అని ఒకే మాట ఉన్నా, సిస్టోస్కోప్‌తో (మూత్రాశయం లోపల చూసే పరికరంతో) వేస్తే సీపీటీ (అమెరికాలో చికిత్సలకు వాడే కోడ్‌ల జాబితా) కోడ్ 52332, చర్మం గుండా మారిస్తే 50382, సిస్టోస్కోప్ లేకుండా మూత్రద్వారం గుండా స్నేర్‌తో (తీగ ఉచ్చుతో) పట్టి మారిస్తే 50385, ఇలియల్ కాండ్యూట్ (పేగు ముక్కతో చేసిన మూత్రమార్గం) గుండా అయితే 50688 వర్తిస్తాయి; ఇక్కడ తప్పితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా క్లెయిమ్ నిలవదు.

50382, 50385లకు ఇమేజింగ్‌ను విడిగా బిల్లు చేయకండి, అది కోడ్ వర్ణనలోనే ఉంది.

పాత స్టెంట్ తీసినందుకు 52310 జతచేసే ముందు ఎన్‌సీసీఐ ఎడిట్ (ఏ కోడ్‌లను కలిపి బిల్లు చేయకూడదో చెప్పే అమెరికా నియమం) చూడండి. ఒకే వైపు తీసి వేయడం వేరు, కుడివైపు తీసి ఎడమవైపు వేయడం వేరు. 59 మాడిఫయర్‌ను (ఇది వేరే చికిత్స అని చెప్పేందుకు కోడ్‌కు చేర్చే గుర్తును) మారుతాళంలా వాడే అలవాటు ఆడిట్‌లో తప్పక బయటపడుతుంది.

నోట్‌లో ఒకచోట ఎడమ, మరోచోట కుడి అని ఉంటే ఊహించకుండా డాక్టరుగారికి క్వెరీ పంపండి.

కిడ్నీ రాళ్లను పగలగొట్టే షాక్‌వేవ్ చికిత్స 50590కి 90 రోజుల గ్లోబల్ గడువు (తర్వాతి మామూలు సంరక్షణ కూడా అదే బిల్లులో కలిసే కాలం) ఉంటుంది కనుక, ఆ లోపు ముందే అనుకున్న మార్పిడికి 58 మాడిఫయర్, అనుకోని సమస్యతో మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకువెళితే 78 అవసరమవుతాయి.

కొత్త ఏడాది కోడ్‌లు అమల్లోకి వచ్చే జనవరి 1 తర్వాత కోడ్ చేసినా, డిసెంబరు సేవకు డిసెంబరు కోడ్‌లే.