వీపు మధ్యలో నొప్పి: ఏ లక్షణానికి ఏ కారణం, ఏం చేయాలి

మెడకూ నడుముకూ మధ్య 12 వెన్నుపూసలు ఉంటాయి. ప్రతి పూసకూ రెండు వైపులా పక్కటెముకలు అతికి ఉండటంతో ఈ భాగం మెడలా, నడుములా స్వేచ్ఛగా కదలదు. అందుకే ఇక్కడ డిస్కు జారడం అరుదు. అయితే వెన్నుపాము సాగే దారి ఇక్కడ ఇరుకు. కొద్దిపాటి ఒత్తిడి పడినా కాళ్లలో బలం తగ్గవచ్చు.

సాయంత్రానికి భుజాల వెనక రెక్క ఎముకల మధ్య లాగుతోంది, పడుకుంటే తగ్గుతోంది
ఎక్కువగా ఇది కండరాల అలసట. గంటల తరబడి కంప్యూటర్ ముందు, కుట్టుమిషను ముందు వంగి కూర్చునేవారికి వస్తుంది. అరగంటకోసారి లేవండి. తువ్వాలును చుట్టి, రెక్కల కింద అడ్డంగా పెట్టుకొని, మోకాళ్లు మడిచి రెండు నిమిషాలు వెల్లకిలా పడుకోండి. వయసు మళ్లినవారు, ఎముకలు గుల్లబారినవారు మాత్రం ఇది చేయకూడదు.

బరువెత్తగానే కలుక్కుమంది
మా పెద్దమ్మకు నీళ్ల బిందె ఎత్తుతుంటే ఇలాగే అయింది. పట్టేసిందనుకొని రెండు వారాలు నూనె రాసి రుద్దాం. ఎక్స్‌రే తీస్తే 12వ పూస ముందువైపు అణిగిపోయి ఉంది. ఆ రుద్దడం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 60 దాటిన ఆడవారికి ఇలా జరిగితే ముందు ఎక్స్‌రే, ఆ తర్వాత ఎముక సాంద్రత పరీక్ష చేయించండి. ఎముకను గట్టిపరిచే మందులు ఉన్నాయి. నెలల తరబడి మంచాన పడుకోబెడితే ఎముక ఇంకా బలహీనమవుతుంది.

వారాలు గడిచినా తగ్గదు, రాత్రి ఎక్కువవుతుంది
సాయంత్రం పూట జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం కూడా ఉంటే వెన్నెముక క్షయను అనుమానించాలి. దగ్గు లేదు కదా అని కొట్టిపారేయకండి, చాలామందికి దగ్గు ఉండదు. వీపు మీద పైనుంచి కిందికి వేలితో తడుముతూ రండి. ఒక్కచోట పూస పైకి పొడుచుకొచ్చి, మెల్లగా తట్టినా నొప్పి పుడితే ఎమ్మారై అవసరం. 1779లో పెర్సివల్ పాట్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఈ గూనినీ, దానితో వచ్చే కాళ్ల పక్షవాతాన్నీ వర్ణించారు. ఇప్పుడు దీనికి మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. సాధారణంగా ఏడాది పాటు వాడాలి. రెండు మూడు నెలలకే నొప్పి తగ్గిందని మానేస్తే జబ్బు మొండికేస్తుంది.

ఒకవైపే పట్టీ కట్టినట్లు మంట
రెండు మూడు రోజుల్లో నీటి పొక్కులు వస్తే అది సర్పి. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మంచిది. పసర్లు పూస్తూ ఆ సమయాన్ని పోగొట్టుకోవద్దు.

పిల్లల వీపు ఒంకరగా కనిపిస్తోంది
చొక్కా విప్పి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనండి. ఒకవైపు పక్కటెముకలు ఎత్తుగా లేస్తే ఎముకల వైద్యునికి చూపించండి. ఎదిగే వయసులోనే ఒంటికి తొడిగే గట్టి పట్టీ (బ్రేస్)తో వంపు పెరగకుండా ఆపవచ్చు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు
కాళ్లు తిమ్మిరెక్కి తడబడటం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, ఛాతీ నుంచి వీపులోకి హఠాత్తుగా చీల్చినట్లు నొప్పి, చెమటలు. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి.