స్టాఫ్ నొటేషన్ చదవడం – 5వ పాఠం: పాలకొల్లుకు రెండు, యలమంచిలికి మూడు

గత పాఠంలో, పాశ్చాత్య సంగీతాన్ని రాసే ఈ పద్ధతిలో స్వరాల నిడివి, ఆ నిడివిని బట్టి వాటికుండే పేర్లు చూశాం. ఒక క్రాచెట్‌కు రెండు క్వేవర్లు, పక్కన చుక్క ఉన్న క్రాచెట్‌కు మూడు. ఈ రెండు లెక్కలు నోటికి రాకపోతే దయచేసి వెనక్కి వెళ్లి చదివి రండి. ఈ పాఠం మొత్తం వాటి మీదే నిలబడి ఉంది.

స్వరపంక్తి మొదట్లో, షార్ప్, ఫ్లాట్ గుర్తుల తరువాత, ఒకదాని కింద ఒకటిగా రెండు అంకెలుంటాయి. అదే టైమ్ సిగ్నేచర్. ఇక్కడ సౌలభ్యం కోసం 3/4 అని రాస్తున్నాను కానీ అచ్చులో అంకెల మధ్య గీత ఉండదు, అది భిన్నమూ కాదు. కింది అంకె ఏ స్వరాన్ని కొలతగా తీసుకోవాలో చెబుతుంది. 2 అయితే మినిమ్ (రెండు క్రాచెట్ల నిడివి), 4 అయితే క్రాచెట్, 8 అయితే క్వేవర్. అలాంటివి ఒక బార్‌లో, అంటే పంక్తి మీద రెండు నిలువు గీతల మధ్య భాగంలో, ఎన్ని పట్టాలో పై అంకె చెబుతుంది. ఆదితాళం వేసి అలవాటైనవారికి కింద 8 కనిపించగానే చేయి ఎనిమిది అక్షరాలకు సిద్ధమైపోతుంది. ఆ 8 దెబ్బల సంఖ్య కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. 3/4 అంటే బార్‌కు మూడు క్రాచెట్లు, అంటే ఆరు క్వేవర్లు. 6/8 అన్నా ఆరు క్వేవర్లే. మరి రెండు రకాలుగా రాయడం ఎందుకు?

గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకు దీనికి జవాబు బస్సు బోర్డుల మీదే దొరుకుతుంది. పాలకొల్లు, దాని పక్కనే ఉన్న యలమంచిలి, ఈ రెండు పేర్లనూ గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి చొప్పున లెక్కకట్టండి. పాలకొల్లు: పా రెండు, ల ఒకటి, కొల్ రెండు, లు ఒకటి. మొత్తం ఆరు. యలమంచిలి: య ఒకటి, ల ఒకటి, మం రెండు, చి ఒకటి, లి ఒకటి. ఇదీ ఆరే. ఇప్పుడు మాత్రలు చెడకుండా ఒక్కో పేరునూ పదేపదే అంటూ చప్పట్లు కొట్టండి. ‘పాల–కొల్లు’ అన్నప్పుడు చేయి రెండుసార్లే పడుతుంది, పా మీద ఒకసారి, కొ మీద ఒకసారి. ‘యల–మం–చిలి’ అన్నప్పుడు మూడుసార్లు పడుతుంది. మొదటిది 6/8, రెండోది 3/4. క్వేవర్ల సంఖ్య మారలేదు, ఊనిక పడే చోటు మారింది. మృదంగం జతుల్లో చెప్పాలంటే ఒకటి తకిట తకిట, రెండోది తక తక తక.

ఈ తేడాను అచ్చు కూడా చూపిస్తుంది. క్వేవర్ల తోకలను కలిపే అడ్డగీతను గమనించండి. 6/8లో మూడేసి స్వరాలు ఒక గీత కిందికి వస్తాయి. 3/4లో రెండేసి వస్తాయి, లేదా ఆరూ కలిసి ఉంటాయి. అంకెలు చూసి మరిచిపోయినా ఈ గుంపులు దారి చూపుతాయి. అందుకే ముందు గీతలు చూడండి, తరువాతే వేళ్లు కదపండి.

మన వైపు 6/8 ఊళ్లకు కొదవలేదు. భీమవరం, నిడదవోలు, మండపేట, కాకినాడ అన్నీ మూడు, మూడుగా విరుగుతాయి. రామచంద్రపురం ‘రామ–చంద్ర–పురం’ అని మూడు మూళ్లుగా విరిగి 9/8 అవుతుంది. రావులపాలెం ‘రా–వుల–పా–లెం’, నాలుగు దెబ్బలు, 4/4. ఈ 4/4 బదులు ఇంగ్లిషు సి అక్షరంలాంటి గుర్తు వేయడం కూడా ఉంది. దాని మీద నిలువు గీత ఉంటే 2/2.

ఇక వేగం. పంక్తి పైన ‘క్రాచెట్ = 60’ అన్నట్టుగా ఒక స్వరం బొమ్మ, సమాన గుర్తు, ఒక అంకె ఉంటాయి. నిమిషానికి అలాంటి స్వరాలు అరవై అని అర్థం. సమాన వ్యవధిలో టిక్కు టిక్కుమనే యంత్రం మెట్రోనోమ్ పుణ్యమా అని వచ్చిన పద్ధతి ఇది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ చేసిన యంత్రాన్ని మెరుగుపరిచి మెల్ట్‌సెల్ 1815లో పేటెంటు తీసుకున్నాడు. బీథోవెన్ 1817లో అప్పటికి తాను రాసిన ఎనిమిది సింఫనీలకూ వేగం అంకెలు ప్రకటించాడు.

అంకె కన్నా ముందు దాని ఎడమ పక్కనున్న బొమ్మ చూడాలి. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయమే. 6/8 పాటకు ‘చుక్క క్రాచెట్ = 60’ అని ఉందనుకుందాం. ఫోనులో మెట్రోనోమ్‌ను 60కి పెట్టి, టిక్కుకు ఒక క్వేవర్ చొప్పున వాయిస్తే బార్‌కు ఆరు సెకన్లు పడుతుంది. నిజానికి టిక్కుకు మూడు క్వేవర్లు రావాలి, బార్ రెండు సెకన్లలో పూర్తి కావాలి. చర్చిలో కీబోర్డు ముందు కూర్చున్న పిల్లలు ఇలా వాయిస్తే పాడేవాళ్లకు చరణం సగంలోనే ఊపిరి అయిపోతుంది. తప్పు వేళ్లది కాదు, చూపుది.

అంకె లేనిచోట ఇటాలియన్ మాటలుంటాయి. నిదానం నుంచి వేగానికి వరసగా లార్గో, అదాజియో, అందాంతే, మోడరాటో, అల్లెగ్రో, ప్రెస్టో. వీటికి కచ్చితమైన కొలత లేదు, పాట స్వభావాన్ని బట్టి పోవాలి. రిటార్డాండో వస్తే క్రమంగా నెమ్మదించాలి, ‘ఆ టెంపో’ (a tempo) అన్న మాట వస్తే పాత వేగం అందుకోవాలి. ఎత్తుకున్న కాలప్రమాణాన్ని చివరిదాకా నిలపాలని నేర్చుకున్న కర్ణాటక విద్యార్థులకు ఇది మొదట్లో మింగుడుపడదు. అయినా రాసి ఉన్నచోట మారాల్సిందే.

ఈ వారం సాధన. మెట్రోనోమ్ 60 మీద, టిక్కుకు మూడు మాత్రల చొప్పున ‘పాలకొల్లు’ అనండి. అది కుదిరాక 90కి మార్చి, టిక్కుకు రెండు మాత్రల చొప్పున ‘యలమంచిలి’ అనండి. రెండింటిలోనూ నిమిషానికి క్వేవర్లు 180, బార్ రెండు సెకన్లు. చివరగా కింది అంకె 8 అనుకుని ఆచంటకూ నరసాపురానికీ పై అంకె ఎంతో, చప్పట్లు ఎక్కడ పడతాయో రాసి ఉంచండి. ఆరో పాఠం వాటితోనే మొదలవుతుంది.