బీఎంసీ సెన్సర్ నుంచి ఈఆర్‌పీ దాకా: పరికరాలకూ మైక్రోసర్వీసులకూ తగినట్టు సంస్థ ఆర్కిటెక్చర్‌ను మలచుకోవడం

పల్లెల్లో పాలు సేకరించి పట్టణాల్లో అమ్మే ఒక డెయిరీని ఉదాహరణగా తీసుకుందాం. రైతులు ఉదయం, సాయంత్రం కేంద్రానికి పాలు తెచ్చి పోస్తారు. అక్కడ తూకం వేసి, వెన్న శాతమూ, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతమైన ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి చీటీ ఇస్తారు. ఆ పాలు బల్క్ మిల్క్ కూలర్‌లో, అంటే అందరూ బీఎంసీ అని పిలిచే ట్యాంకులో, 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడ్డాక ట్యాంకర్ వచ్చి తీసుకుపోతుంది. సేకరణ, రైతుల బిల్లులు, నాణ్యత, రవాణా, ఖాతాలు అన్నీ ఎన్నడో పెట్టిన ఒకే సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఈఆర్‌పీలో, ఒకే డేటాబేస్ మీద నడుస్తుంటాయి. ఇప్పుడు యాజమాన్యం ప్రతి బీఎంసీకీ సెన్సర్ పెట్టమంటోంది, ఐటీ విభాగమేమో ఇదే అదనుగా ఈఆర్‌పీని మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా మార్చుకోగల చిన్న ప్రోగ్రాములుగా, విడగొడదామంటోంది. రెండు పనులూ ఒకేసారి మీద పడిన ఆర్కిటెక్ట్ ఏది ముందు, ఏది వెనుక చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట ఒక తేడాను మనసులో పెట్టుకోవాలి. సర్వర్‌లో నడిచే సర్వీసును వారానికి రెండుసార్లు మార్చినా ఎవరికీ ఇబ్బంది ఉండదు, కానీ పల్లెలో గోడకు బిగించిన, సెన్సర్ రీడింగులను సర్వర్‌కు పంపే గేట్‌వేను ఐదేళ్లో పదేళ్లో ఎవరూ ముట్టుకోకపోవచ్చు. కరెంటు పోతుంది, సిగ్నల్ పోతుంది, గడియారం తప్పుతుంది, ఎలుక వైరు కొరుకుతుంది. ఇంత వేగంగా మారేదానికీ, ఇంత నిదానంగా మారేదానికీ మధ్య కుదిరే ఒప్పందాన్ని జాగ్రత్తగా రాయడమే ఈ పనిలో ఆర్కిటెక్ట్ ప్రధాన బాధ్యత అని నేను నమ్ముతాను. మిగతావి చాలావరకు తర్వాతైనా దిద్దుకోవచ్చు.

గీతలు గీసే ముందు: ఏ సమాచారం ఎవరిది?

సెన్సర్లు అమ్మే కంపెనీ ప్రతినిధి మొదటి సమావేశంలోనే, రీడింగులను నేరుగా మీ ఈఆర్‌పీ టేబుల్‌లో రాసేస్తామని సులువైన దారి చూపిస్తాడు. దానికి ఒప్పుకోకూడదు. ఆ టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మారిస్తే వందల ఊళ్లలోని పరికరాలు మూగబోతాయి. పరికరం పంపిన ఒక పిచ్చి విలువ బిల్లుల లెక్కను చెడగొడుతుంది.

దానికి బదులు, ఒక తెల్లకాగితం మీద వ్యాపారంలో వాడే ముఖ్యమైన మాటలు రాసి, ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క విభాగం ఏ అర్థం చెబుతుందో అడగండి. "పాలు" అన్న మాటనే చూడండి. సేకరణ విభాగానికి అది ఫలానా రైతు ఫలానా పూట పోసిన 6.4 కిలోలు. చిల్లింగ్ విభాగానికి ట్యాంకులో ఉన్న 1,850 లీటర్లు, దాని ఉష్ణోగ్రత. ఖాతాల విభాగానికి చెల్లించాల్సిన రూపాయలు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టీ, క్యాన్ల అడుగున కొంత మిగులుతుంది కాబట్టీ, రైతుల చీటీల మొత్తమూ ట్యాంకు కొలబద్ద చూపే లెక్కా ఏనాడూ అచ్చంగా ఒకటి కావు. దీన్ని పొరపాటుగా భావించి ఒకే టేబుల్‌లో సరిచేయబోతే తగాదా తెగదు. అవి రెండు వేర్వేరు నిజాలు, రెండింటికీ వేర్వేరు యజమానులున్నారు. తేడాను లెక్కగట్టడం మూడో పని. ఇలా ఒక మాటకు ఒకే అర్థం చెల్లే పరిధిని సాఫ్ట్‌వేర్ రచయిత ఎరిక్ ఎవాన్స్ బౌండెడ్ కాంటెక్స్ట్ అన్నాడు. సర్వీసు సరిహద్దు ఆ పరిధి వెంట పోవాలి తప్ప టేబుళ్ల వెంట, తెరల వెంట పోకూడదు.

జట్ల సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరే వాళ్లు కట్టే వ్యవస్థ ఆకారంలోకి వస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో రాశాడు. ఐటీలో ఆరుగురే ఉన్న డెయిరీ ఇరవై సర్వీసులు పెట్టుకుంటే, ఒక్కొక్కరి నెత్తిన మూడు చొప్పున పడి, రాత్రి ఏది ఆగినా లేచి చూసే దిక్కుండదు. అలాంటిచోట మూడో నాలుగో చాలు.

ముందు దేన్ని విడదీయాలి?

రైతుల బిల్లులను మాత్రం ముట్టుకోకండి. పది రోజులకో పదిహేను రోజులకో డబ్బు ఠంచనుగా పడితేనే రైతు మనకు పాలు పోస్తాడు. అక్కడ ఒక్కసారి తప్పితే పక్క డెయిరీ బండి ఎక్కుతాడు. పాత ప్రోగ్రాం ఎంత వికారంగా ఉన్నా, సరిగ్గా పనిచేస్తున్నంత కాలం అది చివరి వంతు.

ముందు కట్టాల్సింది ఈఆర్‌పీలో లేని కొత్త పనికి, అంటే పరికరాల డేటా అందుకుని చల్లదనాన్ని గమనించే పనికి, ఒక విడి సర్వీసు. పాతదాన్ని కూల్చకుండా చుట్టూ కొత్తది పెంచుకుంటూ పోయే ఈ పద్ధతికి సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ స్ట్రాంగ్లర్ ఫిగ్ అనే మర్రి జాతి చెట్టు పేరు పెట్టాడు. తాటిచెట్టును చుట్టుకుని పెరిగిన మర్రిని చూసినవారికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. రెండో వంతు ట్యాంకర్ల రవాణాకు ఇవ్వవచ్చు, ఎందుకంటే ట్యాంకు చల్లబడిందన్న కబురు మొదట ఉపయోగపడేది వాళ్లకే.

అన్నిటినీ ముక్కలు చేయడమే ఆధునికత అనుకోనక్కర్లేదు. అమెజాన్ ప్రైమ్ వీడియోలోని ఒక బృందం, వీడియో నాణ్యతను కనిపెట్టే తన వ్యవస్థలోని విడివిడి భాగాలను ఒకే ప్రక్రియలోకి తెచ్చాక నిర్వహణ ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో తానే ప్రకటించింది.

పరిమాణాన్ని కూడా చేత్తో లెక్కవేసుకోండి. 400 బీఎంసీలు నిమిషానికో రీడింగు పంపితే రోజుకు 5,76,000, అంటే సెకనుకు ఏడు కూడా కావు. ఈ మాత్రానికి ఒక మామూలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ చాలు. భారీ డేటా ప్రవాహాలకు వాడే కాఫ్కా క్లస్టర్ పెట్టాలని ఎవరైనా పట్టుబడితే ఈ అంకె చూపించండి. అయితే ఈదురుగాలికి ఆరు గంటలు లైన్ పోయి తిరిగి వచ్చినప్పుడు, ఒక్కో గేట్‌వే దగ్గర 360 చొప్పున 1,44,000 రీడింగులు ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. వ్యవస్థను సగటుకు కాక ఆ క్షణానికి తగినట్టు కట్టాలి. అందుకే సిగ్నల్ రాగానే గేట్‌వేలన్నీ ఎగబడకుండా, ఒక్కొక్కటీ కొన్ని నిమిషాల లోపు ఏదో ఒక యాదృచ్ఛిక వ్యవధి ఆగి కనెక్ట్ అయ్యేట్టు, కొత్త రీడింగులు ముందూ పాతవి తీరిగ్గానూ పంపేట్టు గేట్‌వేలోని ప్రోగ్రాంలో, అంటే ఫర్మ్‌వేర్‌లోనే రాయించాలి.

పరికరానికీ సర్వీసుకూ మధ్య ఒప్పందం

సందేశాలు మోసేందుకు ఎమ్‌క్యూటీటీ అనే ప్రోటోకాల్ సరిపోతుంది. చమురు పైపులైన్ల మీది పరికరాలతో ఉపగ్రహం ద్వారా మాట్లాడేందుకు 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని రూపొందించారు; నాసిరకం లైనుకోసమే పుట్టింది కాబట్టి మన పల్లె టవర్లకు చక్కగా అతుకుతుంది. ఇందులో సందేశాన్ని అందజేసే హామీ మూడు స్థాయుల్లో ఉంటుంది: 0 అయితే పంపి వదిలేస్తుంది, 1 అయితే కనీసం ఒకసారైనా అందుతుంది, 2 అయితే కచ్చితంగా ఒకేసారి అందుతుంది. చూడగానే 2 బాగుందనిపిస్తుంది గానీ, ఆ హామీ గేట్‌వేకూ, సందేశాలు అందుకుని సర్వీసులకు పంచే బ్రోకర్‌కూ మధ్యనే. బ్రోకర్ దాటి డేటాబేస్ చేరేలోగా మళ్లీ రెండుసార్లు పడవచ్చు. కాబట్టి 1 వాడుకుని, రెండోసారి వచ్చినదాన్ని సర్వీసే గుర్తుపట్టి వదిలేసేట్టు కట్టడం మేలు.

గుర్తుపట్టడం ఎలాగన్న దగ్గరే నేను దెబ్బతిన్నాను. ప్రతి రీడింగుకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి, పరికరం పేరూ వరుస సంఖ్యా కలిసిన జంట మళ్లీ వస్తే పారేయమని రాశాను. వానాకాలంలో ఒక కేంద్రంలో కరెంటు పోయి వచ్చింది. గేట్‌వే రీస్టార్ట్ అయి లెక్కను మళ్లీ 1 నుంచి మొదలుపెట్టింది. సర్వీసు ఆ కొత్త రీడింగులన్నిటినీ పాతవేననుకుని నిష్ఠగా పారేసింది. నాలుగు రోజులపాటు గ్రాఫ్ ఖాళీ. కేంద్రానికి ఫోన్ చేస్తే పచ్చలైటు వెలుగుతూనే ఉందన్నారు. ఇప్పుడు గేట్‌వే ఆన్ అయిన ప్రతిసారీ ఒకటి పెరిగే సంఖ్యను, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో దాచి, పరికరం పేరు, ఆ ఆన్ సంఖ్య, వరుస సంఖ్య, ఈ మూడూ కలిపి తాళంగా వాడుతున్నాను. వరుస సంఖ్యనే ఫ్లాష్‌లో రాయవచ్చు కదా అంటే, నిమిషానికోసారి అదే చోట రాస్తూ పోతే ఆ చిప్ త్వరగా అరిగిపోతుంది.

సందేశంలో తప్పక ఉండాల్సినవి ఇవి: పరికరం గుర్తింపు, పైన చెప్పిన రెండు సంఖ్యలు, కొలిచిన సమయం, విలువ, దాని ప్రమాణం, సందేశం నమూనా (స్కీమా) సంచిక. కొలిచిన సమయం వేరు, సర్వర్‌కు చేరిన సమయం వేరు. రెండింటినీ వేర్వేరు కాలమ్‌లలో ఉంచండి. గడియారం బ్యాటరీ అయిపోయిన గేట్‌వే 1970 జనవరి 1 అని పంపుతుంది. అలాంటి రీడింగును పారేయకుండా, సమయం నమ్మదగనిదని ముద్ర వేసి పక్కన పెట్టాలి. స్కీమాకు కొత్త అంశం చేర్చవచ్చు గానీ ఉన్నదాని అర్థం ఎన్నడూ మార్చకూడదు. మొదటి సంచిక పంపే ఆఖరి గేట్‌వే గోడ దిగేవరకూ దాన్ని చదివే కోడ్ బతికే ఉండాలి.

బ్రోకర్ దగ్గర సందేశానికి చిరునామా లాంటి టాపిక్ పేరులో ఊరి పేరు పెట్టకండి. పరికరాలు పాడవుతాయి, ఒక కేంద్రంలోది విప్పి ఇంకో కేంద్రంలో బిగిస్తారు. టాపిక్‌లో పరికరం సంఖ్య మాత్రమే ఉంచి, ఆ పరికరం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ట్యాంకుకు బిగించి ఉందో చెప్పే రిజిస్ట్రీని ఒక విడి సర్వీసుగా నడపండి. ఉష్ణోగ్రత చరిత్ర ట్యాంకుది, పరికరానిది కాదు. టెక్నీషియన్ సెన్సర్ మార్చిన వెంటనే ఫోన్‌లో రెండు క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేసి ఈ జోడింపు పూర్తిచేసేట్టు ఉండాలి. సాయంత్రం ఆఫీసుకు వచ్చి రాస్తానంటే రాయడు.

కనెక్షన్ తెగితే బ్రోకర్ తనంతట తానే ప్రకటించే చివరి సందేశం ఎమ్‌క్యూటీటీలో ఉంది. దాన్ని వాడుకోండి, కానీ అది చెప్పేది లైన్ తెగిందని మాత్రమే. కూలర్‌కు కరెంటు పోవడం, గేట్‌వే చావడం, సిగ్నల్ పోవడం మూడూ వేర్వేరు. గేట్‌వేకు చిన్న బ్యాటరీ పెట్టి, కరెంటు పోయిందన్న కబురు అదే పంపేట్టు చేస్తే సూపర్‌వైజర్ ముందు జనరేటర్ సంగతి అడుగుతాడు.

ఈఆర్‌పీకి ఏమి పంపాలి?

రీడింగులు కాదు, వాటినుంచి తేలిన సంగతులు పంపాలి. ఫలానా ట్యాంకు పాలు 4 డిగ్రీలకు చేరాయి, ఫలానా ట్యాంకు నిర్ణీత వ్యవధిలో చల్లబడలేదు, ఫలానా ట్యాంకు ఖాళీ అయింది: రోజంతా కలిపి ఒక్కో కేంద్రానికి పట్టుమని పది ఉండవు. వీటిని ఈఆర్‌పీకి అర్థమయ్యే కోడ్‌లలోకి మార్చే చిన్న అనువాదక పొరను కొత్త సర్వీసుల వైపే ఉంచితే, ఈఆర్‌పీలోని పాత సంకేతాలు కొత్త కోడ్‌లోకి పాకవు. సంగతిని డేటాబేస్‌లో రాయడం, బయటికి పంపడం అనే రెండు పనుల్లో ఒకటి జరిగి ఒకటి ఆగిపోకుండా, పంపాల్సినదాన్ని కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఒక ఔట్‌బాక్స్ టేబుల్‌లో రాసి, అక్కడినుంచి వేరే ప్రక్రియ తీసుకుని పంపేట్టు చేయండి.

భద్రత

ప్రతి పరికరానికీ సొంత డిజిటల్ సర్టిఫికెట్ ఉండాలి. అన్నిటికీ కలిపి ఒకే పాస్‌వర్డ్ పెడితే ఒక గేట్‌వేను విప్పి చూసినవాడి చేతికి అన్నీ చిక్కుతాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ పట్టుకుని 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ పెద్ద వెబ్‌సైట్ల మీద దాడి చేయించిన సంగతి తెలిసిందే. బ్రోకర్‌ను ఎన్‌క్రిప్షన్ లేని 1883 పోర్టులో బయటికి తెరవకుండా, టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో 8883లోనే ఉంచండి. కూలర్‌ను దూరం నుంచి ఆపే ఆదేశాలు పంపే దారి రీడింగులు వచ్చే దారికి వేరుగా, వేరే అనుమతులతో ఉండాలి. అసలు మొదటి ఏడాది ఆ దారి తెరవకపోవడమే మంచిది. ఫర్మ్‌వేర్‌ను ముందు ఐదు కేంద్రాల్లో మార్చి, వారం చూసి, ఆపైన విడతలవారీగా మార్చండి. కొత్తది లేవకపోతే పాతదానికి తిరిగి వెళ్లేలా మెమరీలో రెండు భాగాలుండాలి.

భారతదేశంలో పనిచేసే సంస్థలకు, ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు వర్తిస్తాయి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలను నిర్దేశించిన, సరైన సమయం తెలిపే ఎన్‌టీపీ సర్వర్లతో సరిచూసుకోవాలి. ఇంటర్నెట్‌కు కలిపిన (ఐఓటీ) పరికరాల మీది దాడులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి కాబట్టి, బీఎంసీ దగ్గరి పెట్టె కూడా మీ లెక్కలోకే వస్తుంది.

ఆర్కిటెక్చర్ పత్రాల్లో మార్చాల్సినవి

టోగాఫ్ వంటి సంస్థాగత ఆర్కిటెక్చర్ పద్ధతిలో నడిచే సంస్థల్లో అప్లికేషన్ల జాబితా ఎలాగూ ఉంటుంది. దాని పక్కన పరికరాల జాబితా చేర్చి, ప్రతి రకానికీ ఒక యజమానిని, ఎన్నేళ్లకు మార్చాలో, సెన్సర్‌ను ఎన్ని నెలలకు సరిచూడాలో, సిమ్ రీచార్జి ఎవరి బడ్జెట్‌లో ఉందో రాయండి. ఈ చివరిదాన్ని చూసి నవ్వుకోకండి. నేను చూసిన డేటా అంతరాయాల్లో సాఫ్ట్‌వేర్ లోపాలకు ఏమాత్రం తీసిపోనన్ని రీచార్జి అయిపోవడం వల్ల వచ్చినవే. ప్రతి పెద్ద నిర్ణయానికీ ఒక పేజీ చాలు: ఏమి ఎంచుకున్నాం, దేన్ని కాదన్నాం, ఎందుకు.

ఇదంతా కట్టాక ఒకే ఒక్క కేంద్రంలో బిగించి, సరిగ్గా 24 గంటలపాటు గేట్‌వే యాంటెన్నా పీకి ఉంచండి. మధ్యలో రెండుసార్లు కరెంటు కూడా తీసి, బ్యాటరీ కనెక్టర్ లాగి, నిమిషం లోపే తిరిగి పెట్టండి. తర్వాత యాంటెన్నా బిగించి, ఓ గంట ఆగి, ఆ 24 గంటల్లో కొలిచిన రీడింగులు డేటాబేస్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కించండి. 1,440 ఉండాలి, రీస్టార్ట్ అయినప్పుడు ఒకటి రెండు తగ్గితే సరే, పెరిగితే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ లెక్క కుదిరాకే రెండో కేంద్రానికి ఆర్డర్ పెట్టండి.