పాత సైనిక కళ్లెం: పొడి, తెల్ల పొర, పచ్చ మడ్డి ఎందుకొస్తాయి, ఏం చేయాలి?

బ్రిటిష్ ఇండియా కాలం నాటి కళ్లెమో, జీనో చేతికి రాగానే చాలామంది నూనె సీసా తీస్తారు. ముందు దాన్ని పక్కన పెట్టండి. కింది సమస్యల్లో కొన్ని ఆ నూనెతో వచ్చినవే.

ముట్టుకుంటే ఎర్రటి పొడి అంటుతోంది

దీన్ని రెడ్ రాట్ అంటారు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. అది ఏళ్ల తరబడి లోపలే ఆమ్లంగా మారి పీచును తినేస్తుంది. పోయిన బలాన్ని ఏ క్రీమూ తిరిగి తేలేదు. నూనె రాస్తే పొడి అణిగినట్టే ఉంటుంది గానీ తోలు నల్లబడి జిడ్డుదేలుతుంది. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా ఘోరం, తడి తగిలిన చోట నల్లగా బిగుసుకుపోతుంది.

చేయగలిగిందల్లా పొడి రాలకుండా ఆపడమే. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ (క్లూసెల్ జి పేరుతో దొరుకుతుంది) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1–2 శాతం కలిపి, మెత్తటి బ్రష్‌తో పలచగా రాయండి. ఆల్కహాల్‌కు కొన్ని రంగులు కదులుతాయి కాబట్టి ముందు అడుగు వైపున చూసుకోండి. ఆ పట్టీని ఇక మడవొద్దు, సరదాకైనా గుర్రానికి కట్టొద్దు.

పైన తెల్లటి పొర

బూజా, కొవ్వా? హెయిర్ డ్రయర్ కాస్త దూరంగా పట్టి చూడండి. కరిగి మాయమైతే ఎప్పుడో పట్టించిన నూనె బయటికి ఊరిందని అర్థం. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కరగకపోతే బూజు. దాన్ని మాస్క్ పెట్టుకుని ఆరుబయట, నీడలో దులపాలి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో వానాకాలం ప్లాస్టిక్ కవర్లో బిగించి దాస్తే బూజును మనమే పెంచినట్టు. నూలు గుడ్డ చుట్టి, గాలాడే చోట పెట్టండి.

ఇత్తడి బకిల్ చుట్టూ పచ్చటి మడ్డి

తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి చిలుము కట్టింది. టూత్‌పిక్‌తో గీకేయండి. బ్రాసో లాంటి ఇత్తడి పాలిష్ వద్దు, దాని తెల్లటి మడ్డి కుట్లలో ఇరుక్కుని ఎండిపోతుంది.

బిట్‌కు తుప్పు

గుర్రం నోట్లో ఉండే ఈ ఇనుముకు 0000 నంబరు స్టీల్ ఊల్, రెండు చుక్కల మెషీన్ ఆయిల్ సరిపోతాయి. గ్రైండర్ పెడితే తుప్పుతో పాటు ముద్రా పోతుంది. విలువంతా ఆ ముద్రలోనే ఉంది.

కుట్లు ఊడుతున్నాయి

మైనం పట్టిన నార దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టించండి. కొత్త రంధ్రాలకు ఆరె (తోలుకు బెజ్జాలు వేసే పనిముట్టు) దించనివ్వకండి.

అంతా బాగుంది, కానీ అనుమానంగా ఉంది

కాన్పూర్‌లో 1860ల నుంచే సైన్యానికి జీన్లు, కళ్లేలు తయారయ్యాయి. ఇప్పటికీ అక్కడ కొత్తవి తయారవుతున్నాయి, వాటిలో పాత నమూనాలూ ఉంటాయి. పట్టీ అంచు చూడండి: లోపల నీలి బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్‌తో పదును చేసిన తోలు, మొదటి ప్రపంచయుద్ధం నాటి కళ్లెం అయ్యే అవకాశం తక్కువ. వదులైన దారపు పోగు కాల్చితే ముద్దకడితే నైలాన్. అయితే అది తర్వాతి మరమ్మతూ కావచ్చు, దారం ఒక్కటే చూసి తేల్చకండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు బాణం ముద్ర, అంటే బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని తోలు మీద కొట్టిన గుర్తు. పగుళ్లు ముద్రను చీల్చుకుంటూ పోతే సరే. పగులు మీద ముద్ర కూర్చుంటే, తోలు పాతబడ్డాక కొట్టినదే.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని హైవుడ్ దగ్గర డెక్కన్ హార్స్ అనే భారత గుర్రపు దళం దాడి చేసిన మాట నిజమే. ‘ఇది ఆ రోజు వాడిన కళ్లెం సార్’ అని అమ్మేవాడు ధర మూడింతలు చెబితే రెజిమెంట్ ముద్రో, కాగితమో అడగండి. రెండూ లేకపోతే మామూలు కళ్లెం ధరే ఇవ్వండి.